కొసరు గాజు, విన్నపాల రాయి

ఒకానొక రాజ్యంలో అనుమానం కాపురం పెట్టింది. ఏ సామాన్యుడి ఇంట్లోనో పెడితే పరవాలేదు, ఇరుగుపొరుగు వచ్చి సర్దిచెబుతారు. అది పోయి పోయి రాజుగారి కోటలోనే పెట్టింది. ఇక దాన్ని ఖాళీ చేయించేదెవరు?

ఆ రాజ్యం పేరు పొన్నగిరి. కొండమీద నరసింహస్వామి, కొండ కింద కోట, కోట చుట్టూ ఊరు. ఆ స్వామికి మనసులో ఒక దణ్ణం పెట్టుకోండి తల్లీ, కథ సాఫీగా సాగుతుంది. వెనక నిలబడ్డ అయ్యలు కూడా కూర్చోండి. నిలబడితే ఈ కథలో మీరూ అనుమానితుల కింద లెక్క.

పొన్నగిరి సభామండపం నడిమధ్య చేటంత వెడల్పున ఒక నల్లరాయి ఉండేది. విన్నపాల రాయి అనేవారు. ఇప్పటి రాజుగారి తాత, శాంతభూపతి అని మహానుభావుడు, దాన్ని అక్కడ నాటించి ఒక కట్టుబాటు చేశాడు. ఈ రాజ్యంలో నీళ్ళు తాగి బతికే మనిషి ఎవరైనా సరే, ఇక్కడే పుట్టినా, నిన్న పొద్దున బండి దిగినా, చెప్పులు విడిచి ఆ రాతిమీద కాలు మోపి మూడు మాటలు చెప్పుకోవచ్చు. మధ్యలో ఎవరూ అడ్డం రాకూడదు. మూడూ అయ్యాక, అవతలివాళ్ళు జవాబు చెప్పేదాకా రాతిమీద ఉన్నవాళ్ళు నోరు మెదపకూడదు. జవాబు వినకుండా కాలు తీశారా, విన్నపం విడుచుకున్నట్టే. ఇలా ఇరుపక్షాలూ వినకుండా ఎవరినీ శిక్షించడానికి వీల్లేదు, ఎవరి ఇంటికీ లక్కముద్ర వేయడానికి వీల్లేదు.

పొన్నగిరిలో పట్టం కట్టుకునే ప్రతి రాజూ స్వామి పాదాలు ముట్టి ఆ కట్టుబాటుకు ప్రమాణం చేయవలసిందే.

మరి మూడు మాటలూ లెక్క పెట్టేదెవరు? దానికొక ఉద్యోగి ఉన్నాడు. రాయసం కొమ్మన. రాయసం అంటే కోటలో రాతకోతలు చూసేవాడు. తాతల నాటినుంచీ వాళ్ళింటివాళ్ళే ఆ రాతి పక్కన కూర్చుని, మాటకొక గచ్చకాయ చొప్పున కంచుగిన్నెలో వేసేవారు. ఖంగ్. ఖంగ్. ఖంగ్. మూడో ఖంగ్ వినపడితే సభ మొత్తం జవాబుకోసం అవతలివాళ్ళవైపు తిరిగేది.

ఇప్పటి రాజు ప్రచండభూపతి. ఆయన చెడ్డవాడు కాదు, తొందరపడి శాపాలు పెట్టకండి. గొప్పలంటే ఇష్టం, అంతే. మీసాలకు ఒక సేవకుడు, మీసాలు బాగున్నాయని చెప్పడానికి ఇంకో సేవకుడు. అయితే రెండేళ్ళ కిందట గుండమరాజు అనే ఆయనను వేగులకు అధికారిగా వేసుకున్నాడు. వేగులు కుట్రలు పట్టాలి కదా. రాజ్యంలో కుట్రలు లేవు. లేవని చెబితే కొలువు ఉండదు. అందుకని గుండమరాజు రోజూ ఒకటి పట్టుకొచ్చేవాడు.

“ప్రభూ, నిన్న చాకలిరేవులో మీ ఉత్తరీయాన్ని మామూలుకంటే గట్టిగా బాదారు.”

“ఆఁ! ఎందుకలా?”

“అదే కనుక్కుంటున్నాం.”

ఇలాంటివి రోజుకొకటి చెవిలో పడుతూ ఉంటే రాతిమనిషైనా ఏమవుతాడు? ప్రచండభూపతికి పాలలో, పక్కలో, పలకరింపులో అనుమానం వచ్చింది. చివరకు విన్నపాల రాతిమీదా వచ్చింది. “రోజూ పదిమంది దానిమీదెక్కి నీ వేగులు మమ్మల్ని ఏడిపిస్తున్నారని చెబుతున్నారు. అందరూ ఒకే మాట చెబుతున్నారంటే కూడబలుక్కున్నట్టే కదా!” అన్నాడు.

“పెరికించి ఏట్లో వేయిస్తాను ప్రభూ,” అన్నాడు గుండమరాజు.

కానీ రాయి సభ దాటిపోకూడదని ప్రమాణంలోనే ఉంది. స్వామితో పేచీ పెట్టుకోవడానికి రాజుగారికి ధైర్యం లేదు. మీసం దువ్వుకుంటూ ఆలోచించి ఒక ఎత్తు వేశాడు. ఆ రాతిని పెరికించి తన సింహాసనం ముందు పాదపీఠంగా వేయించుకున్నాడు. రెండు పాదాలూ దానిమీద చాపుకుని, “రాయి సభలోనే ఉంది కదా! కాలు మోపగలిగినవాడు వచ్చి మోపమనండి!” అని నవ్వాడు. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరు కొట్టలేదో గుండమరాజు చూసుకున్నాడు.

కొమ్మన కూడా కొట్టాడు. చేతులు కొడుతూనే ఉన్నాయి, కళ్ళు మాత్రం రాజుగారి చెప్పులు లేని పాదాలమీదా, కిందనున్న రాతిమీదా నిలిచిపోయాయి. ఆ పూట ఆయన ఒక సంగతి గమనించాడు. ఇంటికి వెళ్ళాక కూడా ఎవరికీ చెప్పలేదు. మరునాటినుంచి మాత్రం ఖాళీ గిన్నె ముందు కూర్చుని, పంచె మడతలో ఏవో దోపుకుంటూ ఉండేవాడు. వక్కలు అనుకున్నారు అందరూ.

రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలల్లో పొన్నగిరి ఎలా మారిపోయిందో చెబితే మీరు నమ్మరు. పందొమ్మిది ఇళ్ళకు ముద్రలు పడ్డాయి. ఎందుకు పడ్డాయో ఇంటివాళ్ళకు తెలియదు, అడగడానికి రాయి లేదు. బావుల దగ్గర ఆడవాళ్ళు చేద శబ్దం చాటున మాట్లాడుకునేవారు. గుళ్ళో అర్చన చేయించుకునేవాళ్ళు గోత్రం చెప్పడానికి కూడా అటూ ఇటూ చూసేవారు. పూజారి, “స్వామికి తెలుసులే,” అని తానే ముగించేసేవాడు.

కొమ్మన ఇంటి అరుగుమీదకు వీరప్ప అని ఒకాయన రోజూ నశ్యానికి వచ్చేవాడు. ఇరవై ఏళ్ళ స్నేహం. ఇప్పుడు కొమ్మనకు ఆయనమీదే అనుమానం. ఇంట్లో నశ్యం పెట్టుకుని కూడా వీడు నా అరుగుకే ఎందుకొస్తాడు?

“ఎండలు ముదిరాయి వీరప్పా.”

“ముదిరాయి కొమ్మనా.”

“వాన పడితే బాగుండు.”

“పడితే బాగానే ఉంటుంది. పడకపోయినా బాగానే ఉంటుంది,” అనేవాడు వీరప్ప జాగ్రత్తగా. అంతే. రెండు నెలలు వాళ్ళు అదే మాట్లాడుకున్నారు.

ఇలా ఉండగా ఒకనాటి మధ్యాహ్నం కొమ్మన కోటనుంచి ఇంటికొచ్చేసరికి, ఆయన భార్య ముద్దమ్మ వంటింట్లో కూర్చుని ఎడమచేతికి కుంకుడు నురుగు రాసుకుని ఒక గాజు లాగుతూ ఉంది. చెయ్యంతా ఎర్రబడింది.

“ఏమే, ఏం చేస్తున్నావు?”

“తలుపు వేసి రండి ముందు.”

తలుపు వేసి వచ్చాడు. ముద్దమ్మ ఆ గాజును తీసి బియ్యం కుండలో అడుగున దాచింది.

“ఓబుళమ్మను పట్టుకుపోయారు,” అంది.

గాజుల ఓబుళమ్మ అంటే పొన్నగిరిలో తెలియని గడప లేదు. ముప్పై ఏళ్ళనుంచి భుజాన గాజుల మలారం వేసుకుని వీధివీధీ తిరిగే మనిషి. ముద్దమ్మ సీమంతానికి గాజులు తొడిగింది ఆమే. అప్పుడు కడుపులో ఉన్న పిల్ల పెళ్ళికి తొడిగిందీ ఆమే.

“ఆమె ఏం చేసింది?”

“ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కుడిచేతికి ఆరు గాజులుంటే ఎడమచేతికి ఏడు ఉన్నాయట. అది పొరుగురాజు పక్షం అనే గురుతట! వేగులు నెల రోజులు బావుల దగ్గర నిలబడి మా చేతులు లెక్క పెట్టారట. కోమటి చిట్టెమ్మ ఒకడిమీద బిందె కుమ్మరించింది, నా మణికట్టు వంక ఏం చూస్తున్నావురా అని.”

కొమ్మన నోరు తెరిచాడు. “అవునూ, ఏడో గాజు ఎందుకే?”

ముద్దమ్మ ఆయన వంక చూసిన చూపు మీలో పెళ్ళయిన అయ్యలందరికీ తెలుసు. వర్ణించను.

“పాతికేళ్ళు కాపురం చేశారు. నా చేతికి ఎన్ని గాజులున్నాయో ఈ రోజు అడుగుతున్నారా? అది కొసరండీ! ఆరూ ఆరూ తొడిగాక ‘పచ్చగా ఉండమ్మా’ అని ఆమె ఇంకొకటి ఎక్కిస్తుంది. ప్రతి ఆడదానికీ ఎక్కిస్తుంది. ఇప్పుడు భయపడి అందరూ తీసి దాచుకుంటున్నారు. పగలగొడదామంటే శుభం కాదాయె.”

కొమ్మన కుండవైపు చూశాడు. “తీసేశారా? అయ్యో! నిన్న ఏడు ఉండి ఇవాళ ఆరుంటే, కుట్రదారులకు కబురందిందని అనుకోరూ?”

ముద్దమ్మ కుండలో చెయ్యి పెట్టబోయి ఆగిపోయింది. ఉంచితే ఒక తంటా, తీస్తే ఒక తంటా.

“రేపు మధ్యాహ్నం ఆమెను పొలిమేర దాటిస్తారట. ఇల్లు కూలగొడతారట,” అంది మెల్లగా. “పరాయిగడ్డమీద పుట్టిన మనిషి, ఆమెకు రాయేమిటి, విన్నపమేమిటి అన్నాడట గుండమరాజు. ఈ వయసులో ఎక్కడికి పోతుందండీ? మలారం గాజులు, గుప్పెడు గుడిసె. అంతే కదా ఆమెకున్నది.”

కొమ్మన అటకమీది గోనెసంచి వంక చూశాడు. తాను గమనించిన మాట బయటకు పొక్కితే ఇరవయ్యో ముద్ర తన గుమ్మానికే. ముద్దమ్మ మాత్రం ఊరుకోలేదు. గూట్లోనుంచి కంచుగిన్నె తెచ్చి, చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి ఆయన ముందు పెట్టింది.

“మీ తాతలు దీన్ని ఊరికే మోసుకెళ్ళలేదు,” అంది.

మరునాడు పొద్దున సభ నిండుగా ఉంది. నిండుగా ఉన్నా ఒకరి భుజం ఒకరికి తగలకుండా కూర్చున్నారు, తగిలితే ఏదో సైగ అనుకుంటారని. అంతఃపుర స్త్రీలు తెర వెనక ఉన్నారు. ఓబుళమ్మను ఇద్దరు భటులు పట్టుకుని మూలన నిలబెట్టారు. భుజాన మలారం లేకపోయేసరికి ఆమె ఒకపక్కకు ఒరిగినట్టుగా ఉంది.

కొమ్మన తన పాతచోటు విడిచి, గిన్నె తీసుకెళ్ళి సింహాసనం మెట్టు పక్కన, అంటే రాతి పక్కన, కూర్చున్నాడు. లోపల స్వామి నామం నడుస్తోంది.

ప్రచండభూపతి పాదాలు రాతిమీద చాపి, మీసం సవరించి, చెయ్యెత్తాడు.

“ఈ గాజుల ఓబుళమ్మ ఊరందరి చేతులకూ శత్రువు గురుతు తొడిగిన రాజద్రోహి!”

ఖంగ్!

రాజు ఉలిక్కిపడ్డాడు. “ఏమిటా చప్పుడు?”

ఖంగ్!

“ఒరేయ్ కొమ్మనా, నీకేమైనా మతిపోయిందా?”

ఖంగ్!

కొమ్మన లేచి చేతులు కట్టుకున్నాడు. “పోలేదు మహాప్రభో. తమరి మూడు మాటలూ పూర్తయ్యాయి. ఇక అవతలివాళ్ళ జవాబు.”

రాజుగారి ముఖం ఎర్రబడింది, మీసాలు లేచాయి, నోరు తెరుచుకుంది.

“ప్రభూ! ప్రభూ!” అన్నాడు కొమ్మన కంగారుగా. “మాట జారకండి. తాతగారి కట్టుబాటు. రాతిమీద కాలు మోపినవారు ఎవరైనా సరే, మూడు మాటల తర్వాత మౌనం. రాజుకు వేరు, పేదకు వేరు అని ఆయన చెప్పలేదు. తమరు స్వామి పాదాలు ముట్టి ప్రమాణం చేసినప్పుడు పక్కనే గిన్నె పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనే.”

ప్రచండభూపతి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మెల్లగా కుడిపాదం బొటనవేలు రాతిమీదనుంచి లేచింది.

“పాదం జాగ్రత్త ప్రభూ! జవాబు వినకుండా కాలు తీస్తే విన్నపం విడుచుకున్నట్టే. అంటే ఓబుళమ్మమీద తమరికి ఏ ఫిర్యాదూ లేనట్టే. తీయమంటే తీయండి, ఆమె ఇంటికి పోతుంది.”

సభ మొత్తం రాజుగారి బొటనవేలు వంక చూసింది. అది కాసేపు గాలిలో ఆగింది. ఆలోచించుకుంది. మళ్ళీ రాతిమీదకు దిగింది.

“హుఁ!” అన్నాడు రాజు.

“హుంకారం మాట కిందకు రాదు ప్రభూ. నిరభ్యంతరంగా అనుకోవచ్చు.”

వెనక వరసల్లో ఎవరో ముసిముసిగా నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. గుండమరాజు చివాలున లేచాడు.

“మహాప్రభో, ఈ రాయసం కూడా ఆ గుంపులోవాడే! వీడి భార్య చేతికీ మొన్నటిదాకా ఏడు గాజులు. నిన్నటినుంచి ఆరు! మావాళ్ళు కళ్ళారా చూశారు!”

“చూస్తారు అయ్యా, చూస్తారు. మా ఆవిడ గాజుల లెక్క నాకు తెలియదు, మీవాళ్ళకు తెలుసు. నిన్న ఇంట్లో ఆ ముక్కకే నాకు చీవాట్లు పడ్డాయి.” కొమ్మన రాజువైపు తిరిగి గొంతు తగ్గించాడు. “ప్రభూ, తమరు అందరినీ అనుమానించారు. పాలవాణ్ణి, చాకలిని, నన్ను. తప్పులేదు, తమ ప్రాణం తమకు ముద్దు. కానీ రెండేళ్ళుగా ఈ అనుమానాలన్నీ ఒకే ఒక నోట్లోనుంచి తమ చెవికి వస్తున్నాయి. ఆ నోటిని ఎప్పుడైనా అనుమానించారా? ఆమె జవాబు చెప్పకముందే ఆయనకు అంత తొందరెందుకో?”

ప్రచండభూపతి కళ్ళు మెల్లగా గుండమరాజువైపు తిరిగాయి. రెండేళ్ళు పెంచి పోషించిన అనుమానం అది, మంచి పుష్టిగా ఉంది. యజమాని చూపించినవైపు పరుగెత్తింది. గుండమరాజు నుదుట చెమట పట్టింది. కూర్చున్నాడు.

రాజు చెయ్యి ఊపాడు. ఓబుళమ్మను ముందుకు తెచ్చారు.

ఆమె దణ్ణం పెట్టింది. “నేనెన్ని మాటలు మాట్లాడొచ్చు నాయనా?” అని కొమ్మనను అడిగింది.

“జవాబుకు లెక్క లేదు ఓబుళక్కా. కడుపునిండా చెప్పుకో.”

“అయితే వినండి సామీ,” అంది ఓబుళమ్మ. “నేను పరాయిగడ్డమీద పుట్టాను, దాచను. చంకలో బిడ్డ, భుజాన మలారంతో ముప్పై ఏళ్ళ కిందట ఈ ఊరొచ్చాను. ఈ ఊరి నీళ్ళే తాగాను. ఆ బిడ్డను ఈ మట్టిలోనే పెట్టాను. ఇప్పుడు పొలిమేర దాటమంటే ఎటు దాటాలి సామీ? అవతల నాకెవరున్నారు?”

ఆమె కళ్ళు తుడుచుకుని, గొంతు మార్చింది.

“ఇక ఏడో గాజు సంగతి. మీ వేగులు నెల రోజులు బావుల దగ్గర నిలబడి లెక్క పెట్టారంట. ఒక్కడంటే ఒక్కడు ఇంటికి పోయి పెళ్ళాన్ని అడగలేదా సామీ? అడిగుంటే చెప్పేది, అది కొసరురా అబ్బీ అని! ఆరూ ఆరూ తొడుగుతాను. మనసారా ఇంకొకటి వేస్తాను. వాళ్ళు పచ్చగా ఉంటేనే కదా మళ్ళీ పండగకు నన్ను పిలిచేది. ఇదిగో, ఈ గుండమరాజయ్యగారి ఇంటమ్మకు మొన్న శుక్రవారం నేనే తొడిగాను. ఆ తల్లికీ ఏడే. అయ్యగారు ఆమెను ఎప్పుడు పొలిమేర దాటిస్తారో కనుక్కోండి.”

ఈసారి నవ్వు దగ్గుగా మారలేదు. గుండమరాజు తన చేతి ఉంగరాలు లెక్క పెట్టుకోవడం మొదలెట్టాడు.

అప్పుడు తెర కదిలింది. అందులోనుంచి ఒక చెయ్యి బయటకొచ్చింది. పచ్చని చెయ్యి, బంగారు కడియాల నడుమ ఆకుపచ్చ మట్టిగాజులు. పట్టపురాణి గారి ఎడమచెయ్యి. ఒకటి, రెండు, మూడు... సభ అంతా పెదవులు కదపకుండా లెక్క పెట్టింది. ఏడు.

ప్రచండభూపతి ఆ చెయ్యి వంక చూశాడు. ఎన్నేళ్ళుగానో తన పక్కనే ఉన్న చెయ్యి. దానికి ఎన్ని గాజులున్నాయో ఆయన కూడా ఈ రోజే చూశాడు. ఏదో అనబోయి, రాయి గుర్తొచ్చి, నోరు మూసుకున్నాడు.

“ఇంకొక్క మాట సామీ,” అంది ఓబుళమ్మ. “నా ఇంటిని కూల్చేముందు నా మాట వినమని అడిగాను. ‘రాజుగారికి దయ కలిగితే వింటారు’ అన్నాడు భటుడు. నాకు అక్కడే కడుపు మండింది. ఆరు గాజులు తొడిగించుకునేవాళ్ళు నన్ను దబాయించి అడుగుతారు. ఒకటి తగ్గితే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. అవి వాళ్ళవి. ఏడోది నా ఇష్టం. మా మాట విని తర్వాత శిక్షించమన్నది మీ తాతగారు పెట్టిన ఆరు గాజుల్లోది సామీ. మీరు దాన్ని కొసరు అనుకుంటున్నారు.”

చెప్పి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది.

కొమ్మన కంచుగిన్నె బోర్లించాడు. “జవాబు అయింది ప్రభూ. ఇక తమరు మాట్లాడవచ్చు.”

ప్రచండభూపతి వెంటనే మాట్లాడలేదు. ఇన్నాళ్ళకు మొదటిసారి మౌనంగా ఉండే పని పడింది, అందులో ఏదో రుచి తగిలినట్టుంది. చాలాసేపటికి, అనుమానంగా, కన్ను చికిలించి, “కొమ్మనా, ఇదంతా నువ్వు ముందే పన్నావు కదూ?” అన్నాడు.

అబద్ధం చెబితే కొమ్మన బతకవచ్చునేమో. పొద్దున తాను తెచ్చి గుమ్మం దగ్గర పెట్టించిన గోనెసంచి వంక చూశాడు. వెళ్ళి దాన్ని ఈడ్చుకొచ్చి, రాజుగారి ముందు విప్పి కుమ్మరించాడు. గచ్చకాయలు! బూడిదరంగు గచ్చకాయలు గలగలమంటూ మెట్లమీదుగా, దొరల కాళ్ళ సందుల్లోకి దొర్లిపోయాయి.

“పన్నాను ప్రభూ. తమరు రాతిని కాళ్ళ కిందకు తెచ్చుకున్న నాటినుంచీ లెక్క పెడుతున్నాను. ఆ రాతిమీద పాదం మోపి తమరు ఇచ్చిన ఆజ్ఞకొక గచ్చకాయ. రెండువందల పద్నాలుగు. రోజూ మొదటి మూడు మాటల తర్వాత ఆడినవేవీ చెల్లవు. ఆ మొదటి మూడూ విన్నపాలు, వాటికి ఎవరూ జవాబివ్వలేదు, కనుక అవీ తేలలేదు. అంటే రెండు నెలలుగా పొన్నగిరిలో ఒక్క రాజాజ్ఞ కూడా పుట్టలేదు. పందొమ్మిది ఇళ్ళమీద ఉన్నది తమరి ముద్ర కాదు, వట్టి లక్క.” ఆయన రాతివైపు చెయ్యి చూపాడు. “జనాన్ని ఆ రాతిమీదనుంచి దింపాననుకున్నారు ప్రభూ. వాళ్ళు నిలబడేచోట తమరే వచ్చి నిలబడ్డారు. అంతే జరిగింది. ఇంత తెలిసీ రెండు నెలలు భయంతో కడుపులో దాచుకున్నాను. నన్ను శిక్షించాలంటే దానికి శిక్షించండి. కాకపోతే ముందు నా మూడు మాటలూ వినాలి.”

ఒక గచ్చకాయ ఇంకా ఎక్కడో దొర్లుతూనే ఉంది. అది దొర్లి దొర్లి వచ్చి రాజుగారి బొటనవేలికి తగిలి ఆగింది.

ప్రచండభూపతి దాన్ని చూశాడు. మీసం కొస అదిరింది. తర్వాత పొట్ట అదిరింది. తర్వాత కిరీటమే ఒకపక్కకు ఒరిగిపోయేలా పకపకా నవ్వాడు. “రెండు నెలలు! రెండు నెలలు నేను రాజునే కానట్రా!” అని నవ్వాడు. “విన్నపాలు చేసుకుంటూ కూర్చున్నానట!” అని మళ్ళీ నవ్వాడు. తెర వెనక గాజులు గలగలమన్నాయి. ఇక సభ ఆగుతుందా?

నవ్వు ఆగాక రాజు పాదాలు రెండూ రాతిమీదనుంచి తీసి నేలమీద పెట్టాడు. “గుండమరాజూ, రాతికి ఒక కొస నువ్వు పట్టు. రెండోది నేను పడతాను,” అన్నాడు. ఇద్దరూ ఆపసోపాలు పడుతూ దాన్ని మండపం నడుమకు మోసుకెళ్ళి పాతగుంటలో కూర్చోబెట్టారు. సాయంకాలంలోగా పందొమ్మిది గుమ్మాల లక్కనూ గుండమరాజు తన గోళ్ళతోనే గీకి తీశాడు. మధ్యమధ్య ఆడవాళ్ళు దాహానికి మజ్జిగ కూడా ఇచ్చారు. అదీ మన జనం. ఇంటికెళ్ళాక భార్య గాజులు లెక్క పెట్టుకున్నాడో లేదో నాకు తెలియదు.

ఓబుళమ్మ భుజానికి మలారాన్ని రాజుగారే స్వయంగా ఎత్తి ఇచ్చాడు.

“కొమ్మనా, నీకేం కావాలో కోరుకో,” అన్నాడు.

“నాకు రావలసినది వచ్చేసింది ప్రభూ. రాయి దాని చోట ఉంది, గిన్నె నా చేతిలో ఉంది. అది లెక్క. ఇక తమరేమిచ్చినా కొసరే, తమ ఇష్టం.”

రాజు మళ్ళీ నవ్వి, తన చేతి బంగారు కంకణం తీసి కొమ్మన చేతికి తొడిగాడు. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, వేలి ఉంగరం కూడా తీసి గిన్నెలో పడేశాడు.

ఖంగ్!

ఆ సాయంత్రం వీరప్ప నశ్యానికి వచ్చాడు. వచ్చీరాగానే కొమ్మనను కావలించుకుని, “ఒరేయ్, నువ్వు వేగువేమోనని రెండు నెలలు నోరు కట్టుకు చచ్చానురా!” అన్నాడు. కొమ్మనకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. లోపల ముద్దమ్మ బియ్యం కుండలో చెయ్యి పెట్టి వెతుక్కుంటోంది.

పొన్నగిరి నరసింహస్వామి దయవల్ల మీరంతా చల్లగా ఉండాలి. లేచే ముందు, అమ్మలారా, మీ చేతులు ఒకసారి చూసుకోండి. ఒకటి ఎక్కువుంటే ఎవరో మనసారా ఇచ్చారన్నమాట, వాళ్ళను తలుచుకోండి. ఒకటి తక్కువుంటే మాత్రం మొహమాటపడకండి. వెళ్ళి అడగండి. అది మీది.